ఊళ్లో ఓటు గల్లంతు.. పట్నంలో పేరు లేదు!

వలస బస్తీల్లో గడప గడపకూ తిరిగే మనిషే దిక్కు

కవాడిగూడ: పోలింగ్ రోజున కూలి మానుకుని, బస్సు చార్జీ పెట్టుకుని సొంతూరికి వెళ్తారు. కార్డు చేతిలో పట్టుకుని గంటసేపు వరుసలో నిలబడతారు. తీరా లోపలికి వెళ్లాక 'నీ పేరు జాబితాలో లేదు' అంటారు. పట్నంలో ఉన్న చోట అడిగితే అక్కడ అసలు పేరే ఎక్కలేదు. ఊరు విడిచి బతుకుదెరువుకు వచ్చినవారికి తరచూ ఎదురయ్యే అనుభవం ఇది. రెండు ఊళ్లున్నా ఒక్క ఓటూ లేని పరిస్థితి.

ఈ పరిస్థితి తప్పించడానికి చట్టంలో దారి ఉంది. కాగితం ఉంది. దానికి రుసుము కూడా లేదు. లేనిదల్లా ఆ కాగితాన్ని గడప దాకా తెచ్చి, విషయం విడమరిచి చెప్పే మనిషి. ఆ పని చేసేవారు కొందరున్నారు. వారిలో సర్కారు జీతగాళ్లు ఉన్నారు, స్వచ్ఛంద సంస్థల వారున్నారు, మహిళా సంఘాల వారున్నారు. పాలమూరు పల్లెల్లో చదువుకుని పని కోసం చూస్తున్న యువతీ యువకులు తెలుసుకోదగిన కొలువు ఇది.

పల్లెలను కలుపుకున్న పేట

హుస్సేన్‌సాగర్ కట్టకు దిగువన, ముషీరాబాద్, గాంధీనగర్, దోమలగూడల నడుమ ఉంది కవాడిగూడ. ముషీరాబాద్ అసెంబ్లీ, సికింద్రాబాద్ లోక్‌సభ నియోజకవర్గాల కిందికి వస్తుంది. ఒకప్పుడు ఇక్కడ డీబీఆర్ బట్టల మిల్లు నడిచేది. మిల్లు మూతపడింది గానీ, పని వెతుక్కుంటూ వచ్చేవారి రాక ఆగలేదు. తాపీ పని, రంగుల పని, ఇళ్లలో పాచి పని, ఆటో తోలడం, కాపలా పని.. ఏదో ఒకటి చూసుకుని ఒక గదిలో సంసారం సాగించే కుటుంబాలు ఈ చుట్టుపక్కల బస్తీల్లో కనిపిస్తాయి.

పక్కనే అశోక్‌నగర్, చిక్కడపల్లి. అక్కడ మరో తరహా వలస. ఉద్యోగ పరీక్షల శిక్షణ కోసం వివిధ జిల్లాల నుంచి వచ్చిన యువకులు హాస్టళ్లలో, అద్దె గదుల్లో ఏళ్ల తరబడి ఉంటున్నారు. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం వీరితో కిటకిటలాడుతుంది. రాజ్యాంగంలోని అధికరణాలు వరుసపెట్టి అప్పజెప్పగల ఈ యువకుల్లో, తమ ఓటు ఎక్కడుందో చూసుకోని వారూ ఉంటారు.

పాలమూరుకు వలస కొత్త కాదు. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా 'పాలమూరు లేబర్' అన్న మాట వినిపించేది. గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీసుకుని, ఇంటికి తాళం వేసి, పిల్లలను ముసలివాళ్ల దగ్గర వదిలి వెళ్లినవారు ఎందరో. 2016లో పాత మహబూబ్‌నగర్ జిల్లాను విడదీశారు. జిల్లాలు మారినా పట్నం బస్సెక్కే అలవాటు పూర్తిగా పోలేదు.

పేరు ఎలా పోతుంది?

ఓటరు జాబితా తయారీకి 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ఆధారం. పద్దెనిమిదేళ్లు నిండిన పౌరుడు 'మామూలుగా నివసించే' చోట ఓటరుగా నమోదు కావాలని ఆ చట్టం చెబుతోంది. ఊళ్లో సొంత ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడ నివసిస్తున్నట్లు కాదు. అలాగే కొన్నాళ్లు పనికోసం బయటికి వెళ్లినంత మాత్రాన ఊరు వదిలేసినట్లూ కాదు. ఈ రెండు మాటలూ చట్టంలోనే ఉన్నాయి. వలస కుటుంబాలకు వీటికంటే ముఖ్యమైన మాట మరొకటి లేదు.

దీపావళి దాటాక వెళ్లి మృగశిర కార్తెకు తిరిగొచ్చి విత్తనం వేసేవారు తాత్కాలికంగా వెళ్లినవారు. వారి ఓటు ఊళ్లోనే ఉండాలి, ఉండవచ్చు. పిల్లలను పట్నం బడిలో వేసి, ఏడాది పొడుగునా అక్కడే ఉంటూ, ఏ పండుగకో వచ్చిపోయేవారి సంగతి వేరు. వారి నివాసం పట్నమే. ఓటు కూడా అక్కడికి మారాలి.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, తనిఖీకి వచ్చిన బూత్ స్థాయి అధికారికి ఇంటి తలుపుకు తాళం కనిపిస్తుంది. పక్కింటివారు 'వాళ్లు పట్నం పోయిండ్రు' అని ఒక్క మాటతో సరిపెడతారు. కొన్నాళ్లకు వెళ్లారా, శాశ్వతంగా వెళ్లారా అన్నది ఎవరూ చెప్పరు. 'నివాసం మారారు' అని రాసుకునే అవకాశం అక్కడే ఏర్పడుతుంది. పేరు తీసేముందు నోటీసు ఇచ్చి, చెప్పుకునే అవకాశం ఇవ్వాలన్నది నిబంధన. అయితే ఆ నోటీసు వచ్చేది కూడా తాళం వేసిన తలుపుకే కదా!

ఇది ఎంత పెద్ద విషయమో 2025లో బీహార్‌లో అందరికీ తెలిసింది. అక్కడ ఓటరు జాబితాను ప్రత్యేకంగా సవరించి ఆగస్టు 1న ముసాయిదా ప్రకటించినప్పుడు, అంతకు ముందున్న పేర్లలో దాదాపు 65 లక్షలు లేవు. వాటిలో చనిపోయినవారివిగా చూపినవి 22 లక్షలు. శాశ్వతంగా వెళ్లిపోయారనో, ఇంటి దగ్గర కనిపించలేదనో చూపినవి 36 లక్షలు. బీహార్ కూడా పాలమూరు లాగే కూలీలను బయటికి పంపే ప్రాంతం. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

పేర్లు తీసివేయడంపై సుప్రీంకోర్టు 1995లోనే లాల్ బాబు హుస్సేన్ కేసులో స్పష్టంగా చెప్పింది. ముంబై, ఢిల్లీ బస్తీల్లోని ఓటర్లను పౌరసత్వం రుజువు చేసుకోవాలంటూ వేధించడంపై వచ్చిన కేసు అది. జాబితాలో ఉన్న మనిషి వాదన వినకుండా, అతడు చూపే ఆధారాలు పరిశీలించకుండా పేరు తీయరాదన్నది ఆ తీర్పు సారాంశం.

పట్నంలో సగం మందే

2023 నవంబరు 30న జరిగిన అసెంబ్లీ ఎన్నికల్లో రాష్ట్రం మొత్తం మీద 71 శాతం పోలింగ్ నమోదైంది. హైదరాబాద్ జిల్లాలో సగం మంది కూడా ఓటు వేయలేదు. 2020 డిసెంబరులో జరిగిన నగరపాలక సంస్థ ఎన్నికల్లోనూ అంతే. పట్నం వాళ్లకు బద్ధకం ఎక్కువని తేలిగ్గా తీసిపారేయడం వాడుకైపోయింది. అయితే ఇల్లు మారినా పాత చోటే పేర్లుండిపోవడం, ఒకే మనిషి పేరు రెండు చోట్ల ఉండటం, పోలింగ్ రోజున ఊళ్లకు వెళ్లిపోవడం కూడా లెక్కలోకి తీసుకోవాలి. అద్దె ఇళ్లవారు రెండేళ్లకోసారి ఇల్లు మారుతుంటారు. ఓటు మాత్రం మొదటి ఇంటి దగ్గరే ఉండిపోతుంది.

రెండు చోట్ల పేరుంటే లాభమని కొందరి భ్రమ. ఒకే మనిషి పేరు రెండు నియోజకవర్గాల్లో ఉండరాదని, ఒకే నియోజకవర్గంలో రెండుసార్లు ఉండరాదని చట్టం చెబుతోంది. నమోదు సమయంలో తప్పుడు ప్రకటన చేస్తే ఏడాది వరకు జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు.

గడప దగ్గర జరిగే పని

ఓటు నమోదు చేయించే కార్యకర్త పని పొద్దుటి కంటే సాయంత్రమే ఎక్కువ. పగలు బస్తీలో ఇళ్లకు తాళాలుంటాయి. తెల్లవారుజామున కూలీల అడ్డా మీద గానీ, దీపాలు పెట్టే వేళ ఇళ్ల దగ్గర గానీ, ఆదివారం నాడు గానీ మనుషులు దొరుకుతారు. తెలుగు వస్తే చాలదు, ఉర్దూ రావాలి, హిందీలో నాలుగు మాటలు రావాలి. 'ఏ ఊరు అక్కా మీది?' అన్న పలకరింపుతో మొదలుపెట్టి అసలు విషయంలోకి రావాలి. మొదటిసారి వెళ్తే తలుపు సగమే తెరుస్తారు. మూడోసారి వెళ్తే కూర్చోమంటారు.

కూర్చున్నాక ఎదురయ్యే సందేహాలు దాదాపు ఒకేలా ఉంటాయి. 'ఓటు ఇక్కడికి మారిస్తే ఊళ్లో రేషన్ కార్డు పోతుందా?' అన్నది వాటిలో మొదటిది. ఓటరు జాబితా వేరు, రేషన్ కార్డు వేరు. ఓటు మార్చినందుకు కార్డు రద్దు కాదు. 'ఊళ్లో సర్పంచి ఎన్నికలకు ఓటు ఉంటుందా?' అని రెండోది. ఉండదు. పంచాయతీ ఓటు కూడా అసెంబ్లీ జాబితాను బట్టే వస్తుంది. ఈ సంగతి దాచకుండా చెప్పడం కార్యకర్త ధర్మం. ఊరి వ్యవహారంలో మాట ఉండాలో, పిల్లలు పెరుగుతున్న బస్తీ నల్లా గురించి, మోరీ గురించి అడిగే హక్కు ఉండాలో అన్న మథనం మామూలే. కానీ తేల్చేది మనసు కాదు, నిజంగా ఎక్కడ నివసిస్తున్నారన్నదే.

ఇక కాగితాల సంగతి. మొదటిసారి ఓటు రాయించుకునేవారికి ఫారం 6. ఇల్లు మారినవారికి, పేరు, వయసు తప్పులు దిద్దించుకునేవారికి ఫారం 8. అభ్యంతరం చెప్పడానికి, చనిపోయినవారి పేర్లు తీయించడానికి ఫారం 7. ఊరి నుంచి పట్నానికి మారేవారు 2022 ఆగస్టు నుంచి ఫారం 8 ఇవ్వాలి. పాత ఓటరు కార్డు నంబరు అందులో రాస్తే, కొత్త చోట పేరు ఎక్కి పాత చోట తొలగిపోతుంది. పెళ్లయి ఊరు మారిన ఆడపడుచులకూ ఇదే దారి. పద్దెనిమిదేళ్లు నిండేవారు జనవరి దాకా ఆగనక్కర్లేదు. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీల్లో ఏ తేదీకి వయసు నిండినా నమోదు కావచ్చు.

అసలు ఇబ్బంది నివాస రుజువు దగ్గర వస్తుంది. ఆధార్ మీద ఊరి చిరునామా ఉంటుంది. కరెంటు బిల్లు ఇంటి యజమాని పేరున ఉంటుంది. అద్దె ఒప్పందం రిజిస్టరు చేయించినది అడుగుతారు, ఒక గది అద్దెకు రిజిస్ట్రేషన్ ఎవరు చేయిస్తారు? ప్రస్తుత చిరునామాతో ఉన్న బ్యాంకు లేదా పోస్టాఫీసు పాసుపుస్తకం చెల్లుతుంది. కాబట్టి అనుభవం ఉన్న కార్యకర్త ముందుగా పాసుపుస్తకంలో చిరునామా మార్పించి, తరువాతే ఓటు దరఖాస్తు పెట్టిస్తాడు.

ఇల్లే లేనివారికి కూడా ఎన్నికల సంఘం దారి చూపింది. కాలిబాట మీద పడుకునే మనిషి దరఖాస్తు పెట్టుకుంటే, బూత్ స్థాయి అధికారి రాత్రిపూట అక్కడికి వెళ్లి, అతడు అక్కడే నిద్రిస్తున్నాడా అని చూడాలి. ఒక్క రాత్రి కాదు, ఒకటికి మించి రాత్రులు చూడాలి. నిజమని తేలితే మరో కాగితం అడగనక్కర్లేదు.

అశోక్‌నగర్ హాస్టళ్లలో వేరే ముడి ఉంది. గుర్తింపు ఉన్న విద్యాసంస్థలో కనీసం ఏడాది కోర్సు చదివే విద్యార్థి, సంస్థ అధిపతి ధ్రువీకరణతో, హాస్టల్ చిరునామాపై గానీ సొంతూళ్లో గానీ ఓటు పెట్టుకోవచ్చు. కోచింగ్ సెంటర్లకు ఈ వెసులుబాటు సాధారణంగా వర్తించదు. అందుకే వారిలో చాలామంది ఓటు ఊళ్లోనే ఉంటుంది. వారికి కార్యకర్త చెప్పాల్సింది ఒక్కటే: పోలింగ్‌కు నెల ముందే పేరు చూసుకో, బస్సు టికెట్ తీసుకో.

1967 నుంచి నడిచిన బాట

గడప గడపకూ తిరిగి బస్తీ జనాన్ని కూడగట్టడం హైదరాబాద్‌కు కొత్త విద్య కాదు. 1967లో నగరపాలక సంస్థ పట్టణ సామాజికాభివృద్ధి పథకాన్ని ఆరంభించింది. సముదాయ ఆర్గనైజర్లనే ఉద్యోగులు బస్తీలకు వెళ్లి, ముందు జనం మాట విని, తరువాత బాలవాడీలు, కుట్టు కేంద్రాలు పెట్టించారు. 1970ల్లో యూనిసెఫ్ సాయం అందింది. పట్టాలు, బ్యాంకు అప్పులు ఇప్పించి గుడిసెల స్థానంలో ఇళ్లు కట్టించిన తీరు ఇతర నగరాలను ఆకర్షించింది. సర్కారు సొమ్ము కన్నా జనం కలిసిరావడం ముఖ్యమని ఆ పథకం చాటింది. తరువాతి కాలంలో నగరంలోని మహిళా పొదుపు సంఘాలను కూడగట్టే పనీ ఈ విభాగం ద్వారానే సాగింది.

అమెరికాలోనూ ఇలాంటి కథే ఒకటుంది. కాలిఫోర్నియాలోని మెక్సికన్ కుటుంబాలను కూడగట్టేందుకు 1947లో ఒక సామాజిక సేవా సంఘం ఏర్పడింది. ఇల్లిల్లూ తిరిగి ఓట్లు నమోదు చేయించింది. 1949లో ఆ వర్గానికి చెందిన ఎడ్వర్డ్ రాయ్‌బల్ లాస్ ఏంజిలిస్ నగర సభకు ఎన్నికయ్యారు. 1952లో అదే సంఘంలో చేరి ఓట్ల నమోదు చేయించిన యువకుడు సీజర్ చావెజ్. చిన్నప్పుడు కుటుంబంతో పాటు తోట తోటకూ వలస తిరిగిన కూలీ అతడు. ఆ సంఘంలోనే జీతం మీద పనిచేసి, 1962లో బయటికి వచ్చి వ్యవసాయ కూలీల సంఘం పెట్టాడు. వలస కూలీ బాధ తెలిసినవాడే వలస కూలీని కూడగట్టగలడనడానికి అతడి జీవితం ఉదాహరణ.

కొలువులు ఏమున్నాయి?

ఈ పనిలో మొదట చెప్పుకోవాల్సింది బూత్ స్థాయి అధికారి. ఇది విడి ఉద్యోగం కాదు. అంగన్‌వాడీ టీచర్లకు, పురపాలక సిబ్బందికి, ఇతర సర్కారు ఉద్యోగులకు అదనంగా అప్పగించే బాధ్యత. ఇందుకిచ్చే వార్షిక గౌరవ వేతనాన్ని ఎన్నికల సంఘం 2025 ఆగస్టులో 6,000 రూపాయల నుంచి 12,000కు పెంచింది. నెలకు వెయ్యి రూపాయలన్నమాట. ఎండలో, వానలో తిరిగే పనికి ఇది ఎక్కువేమీ కాదు.

రెండోది నగరపాలక, పురపాలక సంస్థల్లో సముదాయ ఆర్గనైజర్ల పని. వారి కింద మహిళా సంఘాల రిసోర్స్ పర్సన్లు ఉంటారు. సంఘంలో చురుగ్గా ఉండే బస్తీ మహిళలే ఆ పనిలోకి వస్తారు. మూడోది స్వచ్ఛంద సంస్థల క్షేత్ర కార్యకర్తల పని. వలస కార్మికుల పిల్లల చదువు, కార్మిక కార్డులు, ఆరోగ్యం వంటి పనులతో కలిపి ఓటు నమోదు కూడా చేయిస్తారు. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఈ కొలువులు ఎక్కువగా ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే. నిధులు ఆగితే జీతమూ ఆగుతుంది.

నాలుగోది పార్టీల వైపు ఉన్న పని. గుర్తింపు పొందిన పార్టీలు బూత్ స్థాయి ఏజెంట్లను పెట్టుకోవచ్చు. ఎన్నికల సలహా సంస్థలు కూడా యువకులను జీతాలకు తీసుకుంటున్నాయి. 2019 ఆంధ్రప్రదేశ్ ఎన్నికల్లో వైఎస్సార్ కాంగ్రెస్ పార్టీకి ఐ-ప్యాక్ సంస్థ పనిచేయడం అందరికీ తెలిసిందే. ఇందులో తప్పు లేదు. అయితే 'ఓటు వేయండి' అనడం వేరు, 'ఫలానావారికి వేయండి' అనడం వేరు. ఈ రెండూ కలిపేస్తే గడప దగ్గర నమ్మకం పోతుంది. కట్టలు కట్టలుగా దరఖాస్తులు ఒక్కరే తెచ్చిస్తే అధికారులు తీసుకోరని కూడా గుర్తుంచుకోవాలి.

బస్తీలో తిరిగే పనికి పెద్ద చదువు కన్నా ఓపిక, లెక్కగా రాసుకునే అలవాటు ముఖ్యం. పై మెట్టు ఎక్కాలనుకునేవారికి సామాజిక సేవలో పీజీ కోర్సు ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ, హైదరాబాద్‌లోని రోడా మిస్త్రీ కళాశాలలోనూ దీనిని బోధిస్తున్నారు. పల్లె భాష, వలస బతుకు తెలిసిన విద్యార్థికి ఈ చదువు బాగా అక్కరకొస్తుంది.

పనిలోకి వచ్చేవారు పాటించాల్సిన నియమాలు కొన్నున్నాయి. అసలు కార్డులు తీసుకెళ్లరాదు, చూసి తిరిగి ఇచ్చేయాలి. ఫోనుకు వచ్చిన ఓటీపీ అడిగి రాసుకోరాదు. దరఖాస్తుకు డబ్బు తీసుకోరాదు. రసీదు నంబరు ఇంటివారికే రాసి ఇవ్వాలి. పేరు జాబితాలో ఎక్కిందో లేదో చూసి, మళ్లీ వెళ్లి చెప్పాలి. చాలామంది ఈ చివరి పనే మరిచిపోతారు.

పోలింగ్ రోజు కూలి మాటేమిటి?

రోజు కూలీకి పోలింగ్ అంటే ఒకరోజు తిండి పోవడమే. కానీ 1996లో ప్రజాప్రాతినిధ్య చట్టంలో చేర్చిన 135బీ సెక్షన్ ప్రకారం ఓటు హక్కున్న పనివారికి పోలింగ్ రోజు జీతంతో కూడిన సెలవు ఇవ్వాలి. దినకూలీ అయినా సెలవు లేకుంటే వచ్చే కూలిని ఇవ్వాలి. ఇవ్వని యజమానికి 500 రూపాయల వరకు జరిమానా. ఈ సంగతి కార్మికులకూ తెలియదు, చాలామంది మేస్త్రీలకూ తెలియదు.

ఉన్న చోటి నుంచే సొంత నియోజకవర్గానికి ఓటు వేసే యంత్రం గురించి కూడా చర్చ జరిగింది. ఒకే యంత్రంతో 72 నియోజకవర్గాల పోలింగ్ జరపవచ్చంటూ ఎన్నికల సంఘం 2022 డిసెంబరులో ప్రకటించి, 2023 జనవరిలో పార్టీలను పిలిచింది. పలు పార్టీలు సందేహాలు లేవనెత్తాయి. అది ఆచరణలోకి రాలేదు. ఓటరు పేరు సరైన చోట ఉండటమే ఇప్పటికి దారి.

ఊళ్లో ఉన్నవారి వంతు

ఇదంతా పట్నంలో జరిగే పనే అనుకోనక్కర్లేదు. సగం పని ఊళ్లోనే ఉంది. బూత్ స్థాయి అధికారి వచ్చినప్పుడు ఇంటి దగ్గరున్న తల్లిదండ్రులు గానీ, పక్కింటివారు గానీ 'పట్నం పోయిండ్రు' అని ఊరుకోరాదు. ఎప్పుడు వెళ్లారో, ఎప్పుడు వస్తారో చెప్పాలి. నోటీసు వస్తే చెత్తలో పడేయకుండా ఆ పూటే ఫోను చేయాలి. ముసాయిదా జాబితా వచ్చినప్పుడు పోలింగ్ కేంద్రం దగ్గర తమ ఇంటివారి పేర్లు చూడాలి. సందేహాలకు 1950 నంబరుకు ఫోను చేయవచ్చు.

జనవరి 25ను 2011 నుంచి జాతీయ ఓటర్ల దినోత్సవంగా జరుపుతున్నారు. బడుల్లో ప్రతిజ్ఞలు చేయిస్తారు, ఊరేగింపులు తీస్తారు. మంచిదే. దానికంటే, ఈసారి పండక్కి పట్నం నుంచి వచ్చిన కొడుకును, కోడలిని 'మీ ఓటు ఎక్కడుంది బిడ్డా?' అని ఒక్క మాట అడిగితే ఎక్కువ మేలు జరుగుతుంది. సమాధానం తెలియకపోతే, తిరిగి బస్సెక్కే లోపే తెలుసుకోమనాలి.